విదేశంలో సంక్షోభం వస్తే పంపాల్సింది విమాన వాహక నౌకనా, నేలమీది వైమానిక దళాన్నా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "సముద్రం అవతల ఏదో దేశంలో గొడవ మొదలైంది. అక్కడి మనవాళ్లను బయటికి తేవాలి, లేదా ఆ ప్రభుత్వానికి అండగా నిలవాలి. గాల్లోనే ఇంధనం నింపుకుని ఎంత దూరమైనా వెళ్లే యుద్ధవిమానాలు ఉన్నాయి కదా, మరి వేల కోట్లు పోసి విమాన వాహక నౌక ఎందుకు? అండమాన్ దీవులు చేతిలో ఉండగా అది దండగ కాదా?"

జవాబు ముందే చెప్పేస్తాను. గొడవ జరుగుతున్న చోటికి ఓ 500 కిలోమీటర్ల లోపు రన్‌వే ఇచ్చే మిత్రదేశం దొరికితే నేలమీది విమానాలే మేలు. ఎక్కువ బరువు మోస్తాయి, రాత్రీ పగలూ ఎగురుతాయి, ఖర్చూ తక్కువ. ఆ రన్‌వే దొరక్కపోయినా, ఉన్న దేశం "రేపు చెబుతాం" అని నాన్చుతున్నా, అప్పటిదాకా పని నడిపేది నౌకే, అదీ దగ్గర్లో ఉంటేనే. గాల్లో ఇంధనం పోసే ట్యాంకర్ విమానాలు తోడుంటే 3,000 కిలోమీటర్లు వెళ్లి బాంబు వేసి రావచ్చు, కాదనను. కానీ వెళ్లి కొట్టి రావడం వేరు, వెళ్లి అక్కడే కాపు కాయడం వేరు. ఇలాంటి సమయాల్లో చాలాసార్లు కావాల్సింది రెండోదే. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి, చిక్కంతా అక్కడే.

కాగితం మీద లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. అంకెలు నేను సులువు కోసం గుండ్రంగా తీసుకున్నవి, కానీ అసలు నిష్పత్తులకు దూరంగా లేవు.

పని: ఒక రేవు మీద 24 గంటలూ రెండు యుద్ధవిమానాలు తిరుగుతూ ఉండాలి, కింద మనవాళ్లు ఓడలెక్కుతుంటారు. మన దగ్గర 24 విమానాలున్నాయి. 24 ఉంటే 24 ఎగరవు. రిపేర్లు, తనిఖీలు పోగా 18 అనుకుందాం. వేగం గంటకు 850 కిలోమీటర్లు, ఇంధనం గంటకు 2.5 టన్నులు, గాల్లో నింపుకోకపోతే రెండున్నర గంటలు ఎగురుతాయి.

స్థావరం 400 కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. పోనూ రానూ కలిపి గంట. టేకాఫ్, జత కలవడం, దిగడం, అత్యవసరానికి ఉంచుకునే ఇంధనం, వీటికి అరగంట. రేవు మీద మిగిలేది గంట. రోజుకు 24 జతలు, అంటే 48 సార్టీలు కావాలి (ఒక విమానం ఒకసారి లేచి పని చేసుకుని దిగితే ఒక సార్టీ). ఒక్కో విమానం రోజుకు మూడుసార్లు లేస్తే 54 వస్తాయి. సరిపోయింది, ఆరు మిగిలాయి కూడా.

అదే స్థావరం 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంటే? ప్రయాణానికే మూడున్నర గంటలు. ఇంధనమేమో రెండున్నర గంటలదే. రేవు మీద గంట ఉండాలంటే మొత్తం ఐదు గంటల సార్టీ, అందులో సగం ఇంధనం ట్యాంకర్ పోయాలి. ఐదు గంటలు ఎగిరి దిగిన విమానాన్ని చూసి, నింపి, మళ్లీ పంపితే రోజుకు రెండుసార్లు మించి కుదరదు. 36 సార్టీలు, 18 జతలు, 18 గంటల కాపు. మిగతా ఆరు గంటలు రేవు మీద ఆకాశం ఖాళీ. ఒక్కో జతకు 12 టన్నుల చొప్పున గాల్లో పోయాలి. ఒక ట్యాంకర్ 40 టన్నులు ఇవ్వగలదనుకుంటే మూడు జతలకు ఒకటి, రోజుకు ఆరు ట్యాంకర్ సార్టీలు. మన వైమానిక దళానికి ఉన్న ఐఎల్-78 ట్యాంకర్లు మొత్తం ఆరు, ఆగ్రాలో. ఆరూ ఒకే రోజు ఎగిరే స్థితిలో ఉంటాయని ఆ వ్యవహారం తెలిసినవాళ్లెవరూ ప్లాన్ వేయరు. పైగా ఇరుకు కాక్‌పిట్‌లో ఐదు గంటలు కూర్చుని వచ్చిన పైలట్‌ను అదే రోజు మళ్లీ పంపలేం. విమానానికి ఇద్దరు పైలట్లు ఉండాల్సి వస్తుంది.

ఇప్పుడు నౌక. దాని మీదా 24 విమానాలే, ఎగిరేవి 18 అనుకుందాం. అందులో నాలుగు నౌకనే కాపలా కాయాలి. ఇంకో నాలుగు తోటి విమానాలకు ఇంధనం పోయడానికి, అక్కరకు నిలవగా. మిగిలింది పది. నౌక రేవుకు 400 కిలోమీటర్ల దూరంలో నిలబడితే ఒక్కోటి మూడుసార్లు, అంటే 30 సార్టీలు, 15 గంటలు. కానీ డెక్ మీద పనిచేసేవాళ్లు మనుషులు. రోజుకు 12, మహా అయితే 14 గంటలు, ఆపైన పడుకోవాల్సిందే. కాబట్టి నికరంగా 12 నుంచి 14 గంటల కాపు.

అంటే 400 కిలోమీటర్ల నుంచి ఒక నౌక ఇచ్చే కాపు, 1,500 కిలోమీటర్ల నుంచి పెద్ద స్థావరం తన ట్యాంకర్లన్నీ ఊడ్చి పంపితే వచ్చే దానికంటే కాస్త తక్కువ. నౌక గొప్పతనం ఇంతే. దగ్గరి రన్‌వేతో పోలిస్తే అది ఎప్పుడూ ఓడిపోతుంది, దూరపు రన్‌వేతో మాత్రమే సరితూగుతుంది.

అమెరికా నౌక నిమిట్జ్ 1997లో నాలుగు రోజుల్లో 975 సార్టీలు చేసిందని చాలామంది ఉదాహరణ చూపిస్తారు. నిజమే. అది విన్యాసం. లక్ష్యాలు దగ్గర పెట్టారు, బయటి నుంచి అదనపు పైలట్లను తెచ్చారు, ఎప్పుడు ముగుస్తుందో అందరికీ ముందే తెలుసు. నెలల తరబడి సాగే వ్యవహారానికి ఆ అంకె పనికిరాదు. అదే నౌకకు నికరమైన లెక్క రోజుకు 120 దాకా.

ఈ తేడా కళ్లకు కట్టేది 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం, దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ చేతిలో ఉన్న దీవుల కోసం జరిగింది. దీన్ని కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఒకే ఉదయం రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి.

ఏప్రిల్ 2న అర్జెంటీనా దీవులను పట్టుకుంది. బ్రిటన్ వాడుకోగలిగిన వాటిలో దీవులకు దగ్గరి రన్‌వే అసెన్షన్ దీవిలో, అది కూడా ఫాక్‌లాండ్స్‌కు 6,000 కిలోమీటర్లకు పైమాటే. మే 1 తెల్లవారుజామున అక్కడి నుంచి వచ్చిన ఒక వల్కన్ బాంబర్ దీవుల రాజధాని స్టాన్లీ రన్‌వే మీద 21 బాంబులు వేసింది. ఒక్కోటి 1,000 పౌండ్లు. ఆ ఒక్క విమానాన్ని అక్కడికి చేర్చడానికి 11 విక్టర్ ట్యాంకర్లు లేచాయి. కొన్ని వల్కన్‌కు పోశాయి, కొన్ని వల్కన్‌కు పోసే ట్యాంకర్లకు పోశాయి. బయల్దేరిన వల్కన్లు రెండు. అసలు వెళ్లాల్సిన దాంట్లో కాక్‌పిట్ కిటికీ సీలు సరిగా మూసుకోక గాలి ఒత్తిడి నిలవలేదు, వెనక్కి తిరిగింది. తోడుగా వచ్చిన రెండోదే పని చేయాల్సి వచ్చింది. దారిలో గాలి కుదుపులకు ఒక విక్టర్ ముందుండే ఇంధన గొట్టం విరిగింది. పోయాల్సినవాడు, పోయించుకోవాల్సినవాడు అక్కడికక్కడే స్థానాలు మార్చుకున్నారు. చివరి ట్యాంకర్ తన తిరుగు ప్రయాణానికి ఉంచుకున్న ఇంధనంలోంచి కూడా వల్కన్‌కు పోసేసింది. ఆ తర్వాత దాన్ని ఇంటికి చేర్చడానికి ఇంకో ట్యాంకర్ ఎదురెళ్లాల్సి వచ్చింది. దాదాపు 16 గంటల ప్రయాణం. ఫలితం: రన్‌వే మీద ఒక గుంత. అర్జెంటీనా సి-130 రవాణా విమానాలు యుద్ధం చివరిదాకా ఆ రన్‌వే మీదే దిగాయి. ఏడు దాడులు అనుకుంటే ఐదు జరిగాయి.

అదే ఉదయం కాసేపటికి బ్రిటన్ విమాన వాహక నౌక హెర్మీస్ నుంచి 12 సీ హారియర్ యుద్ధవిమానాలు లేచాయి. తొమ్మిది స్టాన్లీ మీదికి, మూడు దీవుల్లోని గూస్ గ్రీన్ మీదికి. అన్నీ తిరిగొచ్చాయి. ఒక్కోటి మోసిన బరువు వల్కన్ మోసిన దాంట్లో చిన్న భాగం. కానీ దిగిన విమానాలు మళ్లీ ఇంధనం నింపుకుని అదే రోజు గస్తీకి లేవగలిగాయి. వల్కన్ అప్పటికి ఇంకా అసెన్షన్ చేరలేదు.

అవతలి పక్క చూడండి, ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అర్జెంటీనా విమానాలది "నేలమీది" పక్షం. సంఖ్యలో సీ హారియర్లకు ఎన్నో రెట్లు. రియో గయ్యేగోస్, రియో గ్రాండే లాంటి స్థావరాల నుంచి దీవులు 700 కిలోమీటర్ల చుట్టుపక్కల. మిరాజ్, డాగర్ విమానాలకు గాల్లో ఇంధనం నింపుకునే ఏర్పాటే లేదు. దీవుల మీద వాటికి దొరికేది కొన్ని నిమిషాలు. హారియర్‌తో తలపడి ఇంజిన్‌ను పూర్తి మంట మీద పెడితే ఇంటికి చేరేంత ఇంధనం మిగలదు. స్కైహాక్‌లు, సూపర్ ఎటెండార్లు నింపుకోగలవు గానీ వాటికి పోసే కెసి-130 ట్యాంకర్లు రెండంటే రెండే. వచ్చి కొట్టి పోయారు, ఓడలు ముంచారు. కానీ ఆకాశం మీద పట్టు సంపాదించలేకపోయారు.

స్టాన్లీ రన్‌వే సుమారు 1,250 మీటర్లు. వేగపు జెట్లు పూర్తి బరువుతో లేవడానికి చాలదు. ఏప్రిల్‌లో అర్జెంటీనావాళ్లు చేతిలో ఉన్న వారాలు వాడుకుని దాన్ని పొడిగించి, అక్కడ స్కైహాక్‌లు నిలబెట్టి ఉంటే బ్రిటిష్ నౌకాదళం పని చాలా కష్టమయ్యేది. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, ఆ యుద్ధం చదివిన చాలామంది మాట. యుద్ధం ముగిసిన కొద్ది నెలలకే బ్రిటిష్‌వాళ్లు అల్యూమినియం పలకలు పరిచి అదే రన్‌వేను పొడిగించి ఫాంటమ్ విమానాలు తెచ్చారు. 1985లో మౌంట్ ప్లెజంట్‌లో పెద్ద స్థావరమే కట్టారు. నౌకలతో గెలిచినవాళ్లు కూడా కాపలాకు నేలనే ఎంచుకున్నారన్నమాట.

నౌకల పక్షంలోనూ లోపాలు అక్కడే బయటపడ్డాయి. మే 4న బ్రిటిష్ యుద్ధనౌక షెఫీల్డ్ మీద ఎక్సోసెట్ క్షిపణి పడ్డాక నౌకలను దీవులకు తూర్పుగా దూరం జరిపారు. నౌక జరిగిన ప్రతి 100 కిలోమీటర్లకూ పైలట్‌కు దీవుల మీద దొరికే నిమిషాలు తగ్గుతాయి, పైన వేసిన లెక్కే. గాల్లోంచి దూరం చూసే రాడార్ విమానం బ్రిటన్‌కు అప్పుడు లేదు. పాత ఆర్క్ రాయల్ నౌకతో పాటే గానెట్ విమానాలూ పోయాయి. ఆ లోటు ప్రాణాలు తీసింది. జూన్ మొదట్లో దీవుల్లోని శాన్ కార్లోస్ దగ్గర పలకలు పరిచి చిన్న రన్‌వే పట్టీ వేసి హారియర్లు అక్కడ దిగి నింపుకునేలా చేశాక గస్తీ సమయం పెరిగింది. చూశారా, నౌక ఉన్నవాడు కూడా వీలు చిక్కగానే నేల కోసం వెతుక్కున్నాడు.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. అర్జెంటీనాకూ ఒక విమాన వాహక నౌక ఉండేది, పేరు వెయింటిసింకో దె మాయో. మే 2 తెల్లవారుజామున స్కైహాక్‌లతో బ్రిటిష్ నౌకల మీద దాడికి సిద్ధమైంది. దక్షిణ అట్లాంటిక్‌లో ఎప్పుడూ వీచే గాలి ఆ రోజు పడిపోయింది. ముసలి నౌక, వేగం తక్కువ. నౌక వేగం, ఎదురుగాలి రెండూ కలిస్తేనే బాంబులతో ఉన్న విమానం లేస్తుంది. దాడి ఆగిపోయింది. అదే రోజు బెల్గ్రానో అనే అర్జెంటీనా యుద్ధనౌక మునగడంతో ఈ విమాన వాహక నౌక రేవుకు వెళ్లిపోయింది, మళ్లీ పోరుకు రాలేదు.

ఇక అనుమతుల సంగతి. విమానం ఎంత దూరం వెళ్తుందో తయారీదారు కాగితంలో ఉంటుంది. ఎవరి మీదుగా వెళ్లనిస్తారో అందులో ఉండదు. 1986 ఏప్రిల్‌లో అమెరికా లిబియా మీద దాడికి ఇంగ్లండ్ నుంచి ఎఫ్-111 విమానాలు పంపింది. ఫ్రాన్స్ తన మీదుగా పోనివ్వలేదు. స్పెయిన్ చుట్టూ తిరిగి జిబ్రాల్టర్ సందులోంచి వెళ్లాల్సి వచ్చింది. పోను రాను కలిపి పది వేల కిలోమీటర్లు, 13 గంటల పైన, గాల్లో పలుమార్లు ఇంధనం. దాడికి వెళ్లిన 18 ఎఫ్-111లలో కొన్ని పరికరాలు మొరాయించి బాంబు వేయకుండానే తిరిగొచ్చాయి, ఒకటి కూలింది. మధ్యధరాలో అమెరికా, కోరల్ సీ అనే రెండు నౌకలు అప్పటికే ఉన్నాయి, బెంఘాజీ వైపు వాటి విమానాలే చూసుకున్నాయి. మరి అన్నీ నౌకలతోనే ఎందుకు చేయలేదు? రాత్రిపూట గురి చూసి కొట్టగల ఏ-6 విమానాలు ఆ రెండు నౌకల మీద ఉన్నవి ఐదు లక్ష్యాలకు ఒకేసారి సరిపోవు. నౌక మీద చోటు కొలిచి ఇచ్చినట్టు ఉంటుంది. కావాల్సిన రకం విమానం కావాల్సినన్ని దొరకవు.

"అనుమతి" అంటే ఒక కాగితం అనుకోకండి. కనీసం మూడు: మా ఆకాశంలోంచి పోవచ్చు, మా రన్‌వే మీద దిగవచ్చు, మా రన్‌వే నుంచి లేచి బాంబు వేయవచ్చు. మొదటి రెండూ ఇచ్చి మూడోది ఇవ్వని ప్రభుత్వాలే ఎక్కువ. 2001లో అఫ్గానిస్తాన్ యుద్ధమప్పుడు ఉజ్బెకిస్తాన్ తన స్థావరాన్ని అమెరికాకు గాలింపు, రక్షణ, సాయం పనులకు ఇచ్చింది, దాడులకు కాదు. 2003 మార్చి 1న తుర్కియే పార్లమెంటు ఇరాక్ యుద్ధం కోసం అమెరికా సైన్యాన్ని తన నేల మీద దిగనివ్వడానికి ఒప్పుకోలేదు. నెలల తరబడి వేసిన ఉత్తర దిక్కు ప్లాను ఒక్క ఓటింగ్‌తో పోయింది. అలాగని నౌకకు ఎవరి అనుమతీ అక్కర్లేదనేది కూడా సగం నిజమే. అఫ్గానిస్తాన్‌కు సముద్రం లేదు. అరేబియా సముద్రంలోని నౌకల విమానాలన్నీ పాకిస్తాన్ మీదుగానే వెళ్లాయి. పాకిస్తాన్ తలుపు మూసి ఉంటే అక్కడ ఎన్ని నౌకలున్నా అలంకారమే.

అఫ్గానిస్తాన్ ఇంకో పాఠం కూడా చెబుతుంది, ఇరుపక్షాల వాదులూ తమకు కావాల్సిన సగమే చెబుతారు. 2001 అక్టోబర్ 7 నుంచి మొదటి రెండున్నర నెలల్లో దాడి సార్టీల్లో దాదాపు నాలుగింట మూడొంతులు నౌకల విమానాలవి. "చూశారా" అంటారు నౌకాదళం వాళ్లు. కానీ వేసిన బాంబుల్లో సుమారు మూడింట రెండొంతులు బి-1, బి-52 బాంబర్లవి. హిందూ మహాసముద్రంలోని డీగో గార్సియా దీవి నుంచి లేచిన ఆ బాంబర్లు చేసినవి సార్టీల్లో పదో వంతే. "చూశారా" అంటారు వైమానిక దళం వాళ్లు. అసలు విషయం: నౌకల విమానాలు అంత దూరం వెళ్లి పైన తిరగడానికి ఇంధనం పోసింది చాలావరకు నేల నుంచి లేచిన అమెరికా, బ్రిటన్ వైమానిక దళాల ట్యాంకర్లు. కిట్టీ హాక్ అనే నౌక మీది విమానాల్లో ఎక్కువ భాగాన్ని జపాన్‌లో దించేసి, ప్రత్యేక దళాల హెలికాప్టర్లకు తేలే స్థావరంగా వాడారు. ఒకదాని పని ఇంకొకటి మోసింది. ఎవరు గొప్ప అనే తగాదా బడ్జెట్ సమావేశాల్లోనే.

ఎక్కడ ఏది చెడుతుందో కూడా చెప్పాలి, కొనేవాళ్లకు చూపించే బొమ్మల్లో అది ఉండదు.

నౌక డెక్ మీద లేవడం, దిగడం విడతలుగా నడుస్తాయి. ఒక విడత గంటంబావు నుంచి గంటన్నర. ఈ విడత లేస్తే గాని ముందు విడత దిగడానికి చోటు రాదు. దిగుతున్న విమానం టైరు పేలినా, దాన్ని పట్టి ఆపే తీగ తెగినా డెక్ మూతపడుతుంది, పైన తిరిగేవాళ్ల ఇంధనం కరుగుతూ ఉంటుంది. నడిసముద్రంలో పక్క రన్‌వే ఉండదు. అందుకే ప్రతి విడతకూ పైన ఒక ఇంధన విమానం తిరుగుతూ ఉండాలి. అమెరికా సూపర్ హార్నెట్ సార్టీల్లో 20 నుంచి 30 శాతం ఇలా తోటివాళ్లకు ఇంధనం పోయడానికే పోతున్నాయి. ఆ బాధ పడలేకే ఎంక్యూ-25 అనే మనిషి లేని ట్యాంకర్‌ను తయారు చేస్తున్నారు.

మన నౌకలకు ఇంకో పరిమితి. విక్రాంత్, విక్రమాదిత్య రెండింటికీ విసిరే క్యాటపల్ట్ లేదు, ముందు ఎత్తుగా వంచిన స్కీ జంప్ ఉంది. విమానం సొంత ఇంజిన్ బలంతోనే లేవాలి. ఎండాకాలం వేడి గాలిలో, ఎదురుగాలి లేని రోజున, పూర్తి ఇంధనమూ పూర్తి ఆయుధాలూ రెండూ పట్టుకుని లేవడం కుదరదు. ఏదో ఒకటి తగ్గించాలి. నా లెక్కలో రెండున్నర గంటలు అన్నాను కదా, మన నౌకకు దాన్ని కాస్త తగ్గించుకుని చదవండి.

నౌక ఎప్పుడూ సిద్ధంగా ఉండదు కూడా. ఒకటి పనిలో, ఒకటి శిక్షణలో, ఒకటి మరమ్మతులో అనేది పాత సూత్రం, అంటే ఒకటి కావాలంటే మూడుండాలి. 2011 లిబియా వ్యవహారంలో ఫ్రాన్స్ తన ఒకే ఒక్క నౌక షార్ల్ ద గోల్‌ను మార్చిలో పంపింది. ఆగస్టులో మరమ్మతు కోసం వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది, గొడవ మాత్రం అక్టోబర్ దాకా సాగింది. బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. అంతకు కొద్ది నెలల ముందే హారియర్లను, అదే పేరుతో తర్వాత వచ్చిన కొత్త ఆర్క్ రాయల్‌ను తీసేసింది. మొదటి రాత్రి టోర్నడో విమానాలు ఇంగ్లండ్‌లోని మార్హమ్ నుంచే లిబియా దాకా వెళ్లొచ్చాయి. అది కొట్టి రావడం. కాపు కాయాల్సి రాగానే ఇటలీలోని జోయా దెల్ కొల్లేకు మకాం మార్చారు. అక్కడ ఇటలీ రన్‌వేలు ఉన్నాయి కాబట్టి నౌక లేని లోటు కనబడలేదు. ఇటలీ కాదంటే కథ వేరే.

నేలమీది స్థావరం విషయంలో అందరూ రన్‌వే పొడవు అడుగుతారు. 2,500 మీటర్ల రన్‌వే ఉన్న పౌర విమానాశ్రయాలు బోలెడు. అడగాల్సింది వేరే. నా ఉదాహరణలో రోజుకు 48 సార్టీలు, ఒక్కోదానికి 6 టన్నులు అంటే దాదాపు 290 టన్నుల ఇంధనం. 20 కిలోలీటర్ల ట్యాంకర్ లారీలో పట్టేది సుమారు 16 టన్నులు. రోజూ 18 లారీలు, ఏ రోజూ ఆగకుండా. ఆ ఊళ్లో అంత ఇంధనం ఉందా, రేవు నుంచి విమానాశ్రయానికి వచ్చే దారిలో వంతెన ఆ లారీని మోస్తుందా, దారి ఎవరి చేతిలో ఉంది? బాంబులు దించుకోవడానికి జనావాసాలకు దూరంగా చోటుందా? రన్‌వే మీది చిన్న రాళ్లు ఊడ్చే యంత్రం ఉందా? చివరిది నవ్వులాటగా ఉంటుంది గానీ ఒక గులకరాయి ఇంజిన్‌లోకి పోతే విమానం వారం పాటు షెడ్డులోనే.

స్థావరం ఎక్కడుందో శత్రువుకు తెలుసు. 2020 జనవరి 8న ఇరాన్ క్షిపణులు ఇరాక్‌లో అమెరికా సైన్యం ఉన్న అల్ అసద్ స్థావరంలో అనుకున్న చోట్ల పడ్డాయి. గుంతలు పూడ్చుకోవచ్చు, రన్‌వే మునిగిపోదు, అది నేలకున్న మేలు. నౌక కదులుతుంది, ఎక్కడుందో వెతకాలి, అది దానికున్న మేలు. ఈ వెతుకులాట ఎంత ముఖ్యమో విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పాత విక్రాంత్ కోసం విశాఖ బయట కాపు వేసింది. విక్రాంత్ అక్కడే ఉందన్న భ్రమ కల్పించే పనిని ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌కు అప్పగించారు. అసలు విక్రాంత్ అండమాన్‌లో ఉంది. ఘాజీ డిసెంబర్ 3-4 రాత్రి విశాఖ దగ్గరే మునిగింది. బాయిలర్‌లో పగుళ్లతో పూర్తి వేగం అందుకోలేని ఆ నౌక నుంచే సీ హాక్ విమానాలు 4వ తేదీ నుంచి కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడులు చేశాయి.

మీ ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరి మన ఉదాహరణ మాల్దీవులు, 1988 నవంబర్ 3. అద్దె సైనికులు రాజధాని మాలేలో తిరుగుబాటు చేశారు, అధ్యక్షుడు గయూమ్ సాయం అడిగారు. ఆ రాత్రే ఆగ్రా నుంచి ఐఎల్-76 రవాణా విమానాలు 2,000 కిలోమీటర్లకు పైగా ఆగకుండా ఎగిరి హుల్‌హులే దీవిలోని రన్‌వే మీద పారాచూట్ దళాన్ని దించాయి. నౌక కోసం ఎదురుచూసి ఉంటే ఆలస్యమయ్యేది. 25 నాట్ల (గంటకు సుమారు 46 కిలోమీటర్ల) వేగంతో రోజంతా నడిచినా నౌక వెళ్లేది 1,100 కిలోమీటర్లు. ఇది నేలమీది పక్షానికి పూర్తి మార్కులు. కానీ ఒక షరతు గమనించండి: రన్‌వే ఉన్న దీవి తిరుగుబాటుదారుల చేతుల్లోకి పోలేదు, ఆతిథ్య ప్రభుత్వమే రమ్మని పిలిచింది. రన్‌వేకు అడ్డంగా రెండు లారీలు నిలబెట్టి ఉంటే ఆ రాత్రి ఐఎల్-76లు దిగలేవు. పారిపోతున్న ఓడను పట్టుకున్నది మాత్రం నౌకాదళమే, గోదావరి, బేత్వా అనే యుద్ధనౌకలు.

అండమాన్ గురించి అడిగారు. "మునగని విమాన వాహక నౌక" అని పత్రికలు రాస్తుంటాయి. చోటు బంగారం లాంటిదే, మలక్కా జలసంధి వైపు అంత దగ్గరగా మనకు వేరే రన్‌వే లేదు. కానీ అది అటువైపుకే. మాల్దీవులకో, ఎర్ర సముద్రం వైపుకో అది అక్కరకు రాదు. కదలనిది కదా. మునగనిది అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి. 2004 డిసెంబర్ 26న సునామీ కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని తుడిచిపెట్టింది, వైమానిక దళ సిబ్బంది, వాళ్ల కుటుంబాలవాళ్లు వందకు పైగా పోయారు. ఇంకోటి, పైన చెప్పిన 18 లారీల ఇంధనం నికోబార్‌లో బావి తవ్వితే రాదు. బాంబులు, విడిభాగాలు, ఇంధనం, సిబ్బంది తినే బియ్యం కూడా విశాఖ, చెన్నై, కోల్‌కతా నుంచి 1,200 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఓడల్లోనే పోవాలి. యుద్ధం వచ్చిన రోజు ఆ ఓడల పక్కన కాపలాగా ఏం పంపుతారు అన్నది ఆ దీవుల్లో ఎన్ని విమానాలు నిలబెట్టాలో తేల్చే ముందే తేల్చుకోవాల్సిన విషయం.